అత్తగారు మోసిన పాస్‌వర్డ్

కంప్యూటర్ పెట్టగానే ఆ పెట్టె వచ్చి కూర్చునేది. లోపలికి వెళ్ళడానికి ఏ అడ్డూ లేదు, మీట నొక్కితే చాలు, తెర వెలిగేది. హమ్మయ్య అనుకునేలోపే తెర మధ్యలో పెట్టె. 'తాళాలగుత్తి తెరవడానికి పాస్‌వర్డ్ ఇవ్వండి' అని. చుట్టాన్ని లోపలికి రానిచ్చి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు 'ఇంతకీ ఎవరు మీరు' అని అడిగినట్టు. రంగులమ్మ నెల రోజులుగా దాన్ని చూస్తోంది, నెల రోజులుగా 'వద్దు' అన్న బొత్తాం నొక్కి తరిమేస్తోంది. అది పోయేది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ హాజరు. సిగ్గూ శరం లేని పెట్టె.

రంగులమ్మ అసలు పేరు అది కాదు. బోర్డులు రాసే ఆవిడ కాబట్టి వీధివాళ్ళు అలా పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. అక్షరాలు కుంచెతో కాగితం మీద రాసేది ఆవిడ. ఆ కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, మిషనుతో ప్లాస్టిక్ రేకులో అక్షరాలు కోయించి, చట్రానికి అతికించేది ఆవిడ మొగుడు. ఆయన మెడలో టేపు లేకుండా ఎవరూ చూసి ఎరగరు. గోడకి మేకు కొట్టమంటే ముందు గోడంతా కొలుస్తాడు. కాబట్టి ఆయన కొలతలాయన.

ముందుగదిలో కంప్యూటరూ, కోత మిషనూ. వెనక రేకుల షెడ్డులో ఆయన పని. మధ్యన సన్నటి నడవా, ఆ నడవాలో కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుకుంటూ అత్తగారు. మామూలు రోజుల్లో అత్తగారికి ఆ కుర్చీలో అల్లిక తప్ప వేరే పని ఉండేది కాదు. ఈ నాలుగు రోజులుగా మాత్రం క్షణం తీరిక లేదు. ఎందుకంటే మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. ఉన్న కబుర్లన్నీ ఆవిడే మోస్తోంది.

గొడవ దేనికంటారా? 'ల' కోసం.

ఊళ్ళో కొత్తగా పిల్లల ఆసుపత్రి కట్టారు. గేటు మీద బోర్డు రాసే పని రంగులమ్మకి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ రాసిన బోర్డులకి లెక్కలేదు గానీ, నిలిచినవి ఎన్ని? కొట్టు మారితే బోర్డు మారిపోతుంది, వాన పడితే రంగు కారిపోతుంది. ఇది అలా కాదు. తను పోయాక కూడా గేటు మీద ఉండే బోర్డు. వారం రోజులు కూర్చుని 'పిల్లల ఆసుపత్రి' అని రాసింది. అందులో 'ల'లు మూడు. 'ల్ల'లో ఒకటి, దాని కింద వత్తు ఒకటి, పక్కన మరొకటి. మూడూ మూడు రకాలుగా రాసింది. ఒకటి కాస్త పక్కకి వాలి ఉంటుంది, ఒకటి తోక పైకెత్తి నిలబడుతుంది, అడుగునున్న బుల్లిది పైదాని కాళ్ళు పట్టుకుని వేలాడుతుంది. ముగ్గురు పిల్లలు ఒకేలా నిలబడతారా ఎక్కడైనా?

కొలతలాయన కొలిచాడు. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. పాపం ఆయన తప్పేమీ లేదు, ఆయనకి అలవాటది. ఉన్నవాటిలో చక్కగా ఉన్న 'ల'ని ఎంచుకుని, మిగతా రెండూ చెరిపేసి, దాన్నే మూడుచోట్లా అతికించాడు. అంతటితో ఊరుకోకుండా ఆవిణ్ణి పిలిచి చూపించాడు.

"చూడు, ఇప్పుడు తీరుగా ఉన్నాయి" అన్నాడు.

రంగులమ్మకి ఒళ్ళు మండింది.   కుంచెలు తీసుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మాటలు బంద్. రెండో రోజు అత్తగారు నడవాలోంచి వచ్చి, "అక్షరాలన్నీ సరిచేసేశాడట, నీతో చెప్పమన్నాడు" అంది. సరిచేశాడట. అంటే ఇంకా ఏవో మిగిలితే వాటినీ సాపు చేశాడన్నమాట. రంగులమ్మ మూతి ఇంకాస్త బిగుసుకుంది. ఈయనతో నేనుగా ముందు మాట్లాడితే నా పేరు నా పేరే కాదు అనుకుంది.

ఇదీ పరిస్థితి. ఇవాళ బోర్డు ఇవ్వాలి. పన్నెండింటికి ఆసుపత్రి బండి వస్తుంది. ఆసుపత్రివాళ్ళు ముందుజాగ్రత్తగా ఎక్కడిదో ఒక అచ్చు బోర్డు తెప్పించి ఉంచుకున్నారు. ఇది అందకపోతే అదే పెడతారు. పెద్దనర్సు రంగులమ్మ రాత మీద ముచ్చటపడి, పై అధికారులతో పోట్లాడి ఈ పని ఇప్పించింది. ఆవిడ మాట పోతుంది, ఈవిడ బోర్డు పోతుంది.

పదింటికి రంగులమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆయన ఇవాళ కోత మిషను దగ్గరికి రాడు. షెడ్డులో బోర్డు చట్రం జిగురు పెట్టి అతుకుతున్నాడు. మూడు మూలలకి బిగింపులున్నాయి, నాలుగోదాని బిగింపు విరిగింది. ఆ మూలని ఆయనే రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. జిగురు ఆరేదాకా గంటన్నర వదలకూడదు. పక్కనే పెద్ద ఫ్యాను హోరెత్తిపోతోంది. కాబట్టి కోత ఆవిడే కోయించాలి. పోనీ, ముందు ఆ 'ల'లని మళ్ళీ తనవిగా మార్చుకునే దారేదైనా ఉందేమో చూద్దాం అనుకుంది.

పెట్టె వచ్చింది. అలవాటుగా 'వద్దు' నొక్కింది. పెట్టె పోయింది. బోర్డు ఫైలున్న అర మీద నొక్కింది. పెట్టె మళ్ళీ వచ్చింది. 'వద్దు' నొక్కింది. అర తెరుచుకోలేదు. పాత పనులన్నీ బయటే ఉన్నాయి గానీ, ఈ ఒక్క బోర్డునీ ఆయన తాళం వేసిన అరలో పెట్టాడు. నెల కిందట ఎవరో గిరాకీ కూర్చున్నవాడు కూర్చోకుండా మౌసుతో ఆడుకుని, ఒక హోటలు బోర్డుని చెత్తబుట్టలో పడేశాడు. అప్పటి నుంచే ఈ తాళం. "ఇది బోర్డుల కొట్టా, బ్యాంకు లాకరా" అని రంగులమ్మ అప్పుడే అంది. పాస్‌వర్డ్ ఏమిటని మాత్రం అడగలేదు. అవసరం ఏముంది, 'వద్దు' బొత్తాం ఉండగా?

సరే, ఆయన బుర్రే కదా, ఏముంటుంది అందులో అనుకుని 'కొలత' అని కొట్టింది. కాదంది. 'టేపు' అంది. కాదంది. పెళ్ళి తేదీ కొట్టింది. అదీ కాదనేసరికి ఆవిడకి కాస్త మనసు కష్టమైంది. అత్తగారి పేరు కొట్టింది, కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది.

"అత్తయ్యా, కంప్యూటర్ పాస్‌వర్డ్ ఏంటో అడిగి రండి మీ అబ్బాయిని" అంది.

అత్తగారు అల్లిక చంకలో పెట్టుకుని వెళ్ళింది, వచ్చింది. అత్తగారి గురించి ఒక సంగతి చెప్పాలి. ఆవిడకి కబురు ఉన్నదున్నట్టు మోసే అలవాటు లేదు. దారిలో కాస్త ఉప్పూ కారం చల్లందే ఆవిడకి రుచించదు.

"రోజూ నువ్వు అనేదేనట. ఆ మాత్రం తెలీదా అన్నాడు" అంది.

ఆ మాత్రం తెలీదా అన్నది అత్తగారి సొంత కవిత్వం. రంగులమ్మకి అది తెలియదుగా. పళ్ళు నూరుకుంటూ, తను రోజూ అనేవి తలుచుకుంది. 'నాఖర్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. కాదు. 'అబ్బబ్బ'. కాదు. 'అన్నానికిరండి'. కాదు. 'ఎన్నిసార్లుచెప్పాలి'. అదీ కాదు. ఎనిమిదోసారి కాదనగానే పెట్టె అడుగున ఎర్రక్షరాలు వచ్చాయి, ఇంక రెండుసార్లే అవకాశం ఉందని.

 ఆడపడుచుకి ఫోన్ చేసింది. ఆ పిల్ల ఏదో ఆఫీసులో నలుగురి కంప్యూటర్లూ బాగుచేసే ఉద్యోగం చేస్తుంది. ఈ తాళం పెట్టడం వాళ్ళన్నయ్యకి నేర్పింది తనే.

"అమ్మాయ్, ఈ పెట్టెని శాశ్వతంగా వదిలించుకునే ఉపాయం చెప్పు. నా తల ప్రాణం తోకకొస్తోంది" అంది రంగులమ్మ.

"అదెంత పని వదినా, రెండు నిమిషాల్లో తీసేయొచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళు. తాళాలగుత్తి అని ఉంటుంది చూడు. పాస్‌వర్డ్ మార్చు అని నొక్కి, కొత్తది ఏమీ రాయకుండా ఖాళీగా వదిలెయ్. ఇంక జన్మలో అడగదు."

"నొక్కాను. పాత పాస్‌వర్డ్ చెప్పమంటోంది."

"మరి పాతది కావాలి కదా వదినా."

"పాస్‌వర్డ్ అడక్కుండా ఉండాలంటే పాస్‌వర్డ్ చెప్పాలా?"

"అంతే వదినా. ఇంకో రెండు తప్పులైతే గంటసేపు మూసుకుపోతుంది, జాగ్రత్త. అన్నయ్యని అడగొచ్చుగా? నేను చేస్తే ఫోన్ ఎత్తట్లేదు."

"మీ అన్నయ్య చట్రాన్ని కావిలించుకుని ఉన్నాడు" అని ఫోన్ పెట్టేసింది రంగులమ్మ. గడియారం పదిన్నర దాటింది. కోతకి నలభై నిమిషాలు, అతికించడానికి ఇంకో అరగంట. కాగితం మీది అక్షరాల్ని మళ్ళీ మొదట్నుంచీ కంప్యూటర్లోకి ఎక్కించాలంటే పూట పడుతుంది.

"అత్తయ్యా, ఇంకోసారి వెళ్ళండి. రోజూ అనేవి నేను సవాలక్ష అంటాను. ఆ మాటేదో సరిగ్గా చెప్పమనండి" అంది.

అత్తగారు వెళ్ళింది. ఈసారి కాస్త ఆలస్యమైంది. తిరిగి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. కొడుక్కీ కోడలికీ సంధి కుదిరే ఘడియ వచ్చిందని ఆవిడ సంబరం.

"ఏమండీ అని నిన్ను అనమన్నాడే అమ్మాయ్" అంది.

"ఏంటీ?"

"ఏమండీ అనమను, తెరుచుకుంటుంది అన్నాడు. నాలుగు రోజులైంది కదా, వాడికీ వినాలని ఉంటుంది. ఓ మెట్టు దిగితే పోయేదేముంది చెప్పు."

రంగులమ్మ కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. ముఖం కందగడ్డయింది. అంటే, తను ఏమండీ అని కాళ్ళబేరానికి వెళితే తప్ప పాస్‌వర్డ్ చెప్పడన్నమాట. నా బోర్డుని తాళంలో పెట్టుకుని నాతో బేరాలా?

"చచ్చినా అనను. ఆ మాటే చెప్పండి వెళ్ళి."

అత్తగారు వెళ్ళి, "అననంటోందిరా" అని చెప్పింది. ఫ్యాను హోరులో కొలతలాయన బిక్కమొహం వేశాడు. "అనక్కర్లేదే అమ్మా, కొడితే చాలు" అన్నాడు. అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ కబురు మాత్రం మోయకూడదనుకుంది. ఇంత కోపంలో ఉన్న పిల్లకి వెళ్ళి కొట్టమని చెప్తే, ఏమో, నిజంగానే కొట్టినా కొడుతుంది. తల్లి ప్రాణం. ఏమీ విననట్టే కుర్చీలో కూర్చుని అల్లిక అందుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆసుపత్రి పెద్దనర్సు.

"బండి బయల్దేరదీస్తున్నానండీ. దారిలో మందుల పెట్టెలు ఎక్కించుకుని పన్నెండుకల్లా మీ దగ్గరుంటుంది. ఆ అచ్చు బోర్డు ఇక్కడే గోడకి ఆనించి పెట్టారు. చూస్తుంటే చిరాకేస్తోంది. మీది ఎప్పుడెప్పుడు చూద్దామా అని ఉంది నాకు" అంది.

రంగులమ్మ ఫోన్ పెట్టేసి కంప్యూటర్ పక్కన గోడకి అంటించుకున్న తన కాగితం వైపు చూసింది. మూడు 'ల'లు. వాలినదీ, తోకెత్తినదీ, వేలాడేదీ. పంతం నెగ్గితే ఏమొస్తుంది? గేటు మీద అచ్చు బోర్డు వస్తుంది. మూడూ ఒకేలా ఉన్నా సరే, ఆ పక్కన 'ఆ', 'సు', 'ప', 'త్రి' తనవే కదా. ఏడుపొచ్చింది ఆవిడకి. ఏడుస్తూ కూర్చునే తీరిక లేదని కూడా గుర్తొచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, అత్తగారి కుర్చీ దాటి, షెడ్డు గుమ్మంలో నిలబడింది.

ఆయన అటు తిరిగి చట్రం మూలని పట్టుకుని ఉన్నాడు. భుజాలు నొప్పెట్టి కాబోలు, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. ఆవిడ నోరు తెరిచింది.  వచ్చిన మాటని ఫ్యాను మింగేసింది. ఇంక లాభం లేదని, ఇరవై ఏళ్ళుగా ముందుగదిలోంచి ఎలా పిలుస్తుందో అలాగే, గుండెల నిండా గాలి పీల్చుకుని పిలిచింది.

"ఏమండీఈఈఈ."

కొలతలాయన మెడ ఒక్కటే ఇటు తిప్పాడు. ముఖమంతా నవ్వు.

"అదే" అన్నాడు.

"ఏది అదే?"

"పాస్‌వర్డ్. అదే. ఏమండీ అని కొట్టమని అమ్మతో చెప్పి పంపించాను కదా. రోజుకి పాతికసార్లు అనే మాట, ఎలాగూ మర్చిపోవు కదా అని పెట్టాను."

రంగులమ్మ వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూసింది. అత్తగారు స్వెటర్ వైపు చూసింది.

"నాకేం తెలుసు, మీ కంప్యూటర్ మాటలు. వాణ్ణి పిలవమన్నాడనుకున్నా. పిలిస్తే ఇప్పుడేం, నోరు అరిగిందా?" అంది.

రంగులమ్మ పరుగున వెళ్ళింది. emandi అని కొట్టింది. కాదంది పెట్టె. ఇంక ఒక్కటే అవకాశం. మళ్ళీ పరుగున వచ్చింది.

"ఎలా రాశారు దాన్ని?"

"నువ్వు పిలిచినట్టే రాశాను. ఏమండి అని కట్టె విరిచినట్టు పిలుస్తావా ఎప్పుడైనా? సాగదీస్తావు. చివర i బదులు e లు వరసగా ఉంటాయి."

"ఎన్ని?"

"నువ్వే చెప్పాలి. పిలిచేది నువ్వేగా."

"నేను పిలిచేదాన్నే గానీ కొలిచేదాన్నా?"

"నేను కొలిచాను. ఐదు. తగ్గితే ఈ ఫ్యాను హోరులో వినపడవు. ఒకటెక్కువైతే కోపంగా ఉన్నావని అర్థం" అన్నాడు కొలతలాయన, లోకంలో ఇంతకంటే తెలిసిన విషయం లేనట్టు.

రంగులమ్మకి ఎక్కడలేని నవ్వొచ్చింది. నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఒక్కొక్క e నీ పైకి లెక్కపెట్టుకుంటూ ఐదూ కొట్టింది. పెట్టె మాయమైంది. అర తెరుచుకుంది. లోపల ఒకే ఒక్క ఫైలు ఉంది. దాని పేరు 'తన అక్షరాలు, ముట్టుకోవద్దు'.

తెరిచి చూసింది. ఒక 'ల' పక్కకి వాలి ఉంది. ఒకటి తోకెత్తి నిలబడింది. బుల్లిది పైదాని కాళ్ళు పట్టుకుని వేలాడుతోంది. రెండు మిల్లీమీటర్ల తేడాతో సహా అన్నీ ఆవిడ రాసినవి రాసినట్టే ఉన్నాయి. మిషను మీద రేకు పరిచి, కోత మొదలుపెట్టి, అది కిర్రుకిర్రుమని నడుస్తుంటే ఆవిడ షెడ్డులోకి వెళ్ళింది.

"ఎప్పుడు మార్చారు మళ్ళీ?"

"ఆ రోజే. నువ్వు తలుపు వేసుకుని వెళ్ళిన అరగంటకి. కాగితం పక్కన పెట్టుకుని చూశాను. నేను సరిచేసింది కొలతకి బాగుంది. నీది చూడ్డానికి బాగుంది. బోర్డుని చూస్తారు గానీ కొలవరు కదా ఎవరూ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పానుగా. అక్షరాలన్నీ మళ్ళీ నీలాగే సరిచేసేశానని అమ్మతో పంపించాను."

ఇద్దరూ నడవా వైపు చూశారు. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది, ఉన్ని ఉండ మాత్రం నేల మీద దొర్లుతోంది. అత్తగారు వంటింట్లో గిన్నెలేవో సర్దుతున్న చప్పుడు వినిపించింది. రంగులమ్మ ఇంక ఆపుకోలేక కడుపుబ్బ నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గానీ చట్రం కదులుతుందని భయపడుతూ నవ్వాడు. వెళ్ళి ఆయన చేతుల పక్కన తన చేతులు వేసి, ఆ మూలని తనూ పట్టుకుంది. నాలుగు రోజులుగా ఇంత హాయిగా ఆవిడ ఊపిరి తీసుకున్నది లేదు.

పన్నెండింటికి బండి వచ్చింది. చివరి 'త్రి' అతికించి అప్పటికి ఐదు నిమిషాలైంది. సాయంత్రం పెద్దనర్సు ఫోన్ చేసింది. బోర్డు గేటెక్కిందట. చేతికి కట్టుతో వచ్చిన ఒక పాప తలెత్తి చూసి, 'చిన్న ల పడిపోతోంది, గట్టిగా పట్టుకో' అందట. రంగులమ్మ ఆ మాట ఆయనకి మూడుసార్లు చెప్పింది. అత్తగారికి కూడా చెప్పింది. అత్తగారు ఆ పాప బోర్డుని కౌగిలించుకుందని పక్కింట్లో చెప్పింది.

రాత్రి భోజనాలు కాకముందే ఆడపడుచు ఫోన్ చేసింది.

"ఇప్పుడు పాతది తెలిసిందిగా వదినా, ఆ పెట్టెని తీసేద్దామా?"

"వద్దులే అమ్మాయ్, ఉండనీ. మార్చడం ఎలాగో మాత్రం ఇంకోసారి చెప్పు" అంది రంగులమ్మ.

మర్నాడు పొద్దున కంప్యూటర్ ముందు కొలతలాయన కూర్చున్నాడు. పెట్టె వచ్చింది. ఏమండీ అని ఐదు e లతో కొట్టాడు. కాదంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కాదంది.

"అమ్మా, పాస్‌వర్డ్ మార్చిందేమో అడుగు" అని కేక వేశాడు.

రంగులమ్మ షెడ్డులో కుంచెలు కడుక్కుంటోంది. కోపంతో కాదు, సరదాకే, కొత్త పాస్‌వర్డ్ అత్తగారి చేతే పంపించాలని రాత్రే అనుకుంది.

"తప్పు నాదే అని చెప్పండి అత్తయ్యా" అంది.

అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచి పిల్ల. గబగబా ముందుగదిలోకి వెళ్ళింది.

"ఒరేయ్, తప్పు తనదేనంటోందిరా పాపం. ఇంక వదిలెయ్" అంది.

కొలతలాయన కుర్చీలో వెనక్కి వాలాడు. మెడలో టేపు సర్దుకున్నాడు. ముఖం చాటంత అయింది.

"పోనీలే, ఒప్పుకుంది, అదే చాలు. నేనేమీ అనుకోలేదని చెప్పు. ఇంతకీ పాస్‌వర్డ్ ఏంటో అడిగి రా" అన్నాడు.

అత్తగారు నడవాలోంచి మళ్ళీ వస్తున్న అడుగుల చప్పుడు విని, రంగులమ్మ నవ్వు ఆపుకుంటూ, ఇవాళ ఎన్నిసార్లు తిరుగుతారో లెక్కపెట్టడానికి కుంచె పక్కన పెట్టి కూర్చుంది.